పేరు పిలిచి పాడాలి

"ఇంతకీ ఆ అమ్మకి పిల్లలున్నారేటి?" అని అడిగింది ధనమ్మ.

సుధారాణికి నవ్వొచ్చింది. అరగంటగా గొంతు ఎండిపోయేలా చెబుతోంది. బెర్లిన్ పట్నం, రెండున్నర శతాబ్దాల కిందటి మాట, సారా లేవీ అనే యూదు స్త్రీ, ఆవిడ వాయించిన హార్ప్సికార్డు, ఆవిడ ఇంట్లో జరిగిన సంగీత గోష్ఠులు. ధనమ్మ గోడకి చేరగిలబడి, కాళ్లు చాపుకుని, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ అంతా విన్నది. ఎనభై ఒకటో ఏడు నడుస్తున్న మనిషి. అంతా విని చివరికి అడిగింది ఇదీ.

"లేరు పెద్దమ్మా."

"మరి ఆ పాటల కాయితాలన్నీ ఎవులికిచ్చింది?"

అదీ ధనమ్మ అంటే. ఏడాదిపాటు పుస్తకాలు తిరగేసి సుధారాణి చేరుకున్న చోటికి ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూనే వచ్చేసింది.

"ఆ ఊళ్లో కలిసి పాడుకునే సంఘం ఒకటుండేది. ఆలకే ఇచ్చేసింది."

"మంచి పని సేసింది," అని ధనమ్మ తీర్పు చెప్పేసింది. "ఆ పెట్టె ఏటన్నావు? హార్పు?"

"హార్ప్సికార్డు. వీణని పెట్టెలో పడుకోబెట్టి మీటలు తగిలించేరనుకో. మీట నొక్కితే లోపల పిట్ట ఈక ముక్క తీగెని మీటుతుంది."

"పిట్టీకేటి? ఓలమ్మ!"

సుధారాణికి నలభై ఏడేళ్లు. టాటానగర్ సోనారీ పేటలో ఒక పెద్ద ఇంగ్లిష్ మీడియం స్కూల్లో ఇరవై ఐదేళ్లుగా సంగీతం టీచరు. పియానో నేర్పుతుంది. పిల్లలతో ఇంగ్లిషు, వాళ్ల తల్లులతో హిందీ, తోటి తెలుగువాళ్లతో పుస్తకాల తెలుగు. టాటానగర్ స్టేషను దాటి బాగ్‌బేరా సందుల్లోకి స్కూటరు తిరిగిందో లేదో, నాలుక తనంతట తనే పుట్టింటి మాటలోకి దిగిపోతుంది. దానికి ఒకప్పుడు సిగ్గుపడేది. ఇప్పుడు ఆ మాట కోసమే వస్తోందేమో అని కూడా అనిపిస్తుంది.

వచ్చే శనివారం సాయంత్రం తెలుగు సంఘం వార్షికోత్సవంలో ఆమె మాట్లాడాలి, వాయించాలి. కార్యదర్శి శివశంకర్ గారు 'సంగీతం, మానసిక ఆరోగ్యం' అనే విషయమైతే బాగుంటుందని సూచించారు. ఆమె వినలేదు. రెండు వందల యాభై ఏళ్ల కిందట యూరప్‌లో సంగీతాన్ని పోషించిన యూదు స్త్రీల గురించి చెబుతానంది. ఆయన "సరేనండీ, మీకంటే మాకేం తెలుసు" అని పెద్దమనసుతో ఒప్పుకున్నారు.

ఆయనకి చెప్పని సంగతి ఒకటుంది. సారా లేవీ గురించి మొదటిసారి చదివినప్పుడు సుధారాణికి బెర్లిన్ కనబడలేదు. ఈ గది కనబడింది. ఈ పది అడుగుల ముందుగది, ఈ రెండు చాపలు, కిటికీ కింద గుడ్డ కప్పిన హార్మోనియం.

ఈ గది కథ చెప్పుకోవాలి. ధనమ్మ భర్త గూడ్సు బండి గార్డు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బాగ్‌బేరా రైల్వే కాలనీలో కాపురం పెట్టిన రోజుల్లో ఆయన వారంలో నాలుగు రోజులు బండి మీదే ఉండేవాడు. ధనమ్మకి ఊరు కొత్త, భాష కొత్త. పక్క క్వార్టరు ఆవిడని పిలిచి ఒక పాట పాడమంది. ఆవిడ మరొకరిని తీసుకొచ్చింది. అలా మొదలై, లక్ష్మివారం నాలుగింటి కూటం యాభై ఐదేళ్లుగా నడుస్తోంది. ఆయన రిటైరై క్వార్టరు ఖాళీ చేశాక ఈ సొంతింటికి మారింది. ఆయన పోయాక కూడా రెండంటే రెండు వారాలే ఆగింది.

కూటానికి ఒక పద్ధతుంది. కొత్తగా ఎవరొచ్చినా చాప మీద కూర్చోవాలంటే ఒక పాట తేవాలి. తల్లి పాడినదో, పొలంలో విన్నదో, ఏదైనా సరే. గొంతు ఎలా ఉందని ఎవరూ చూడరు. ధనమ్మ ఆ పాటని నోటుపుస్తకంలో రాసుకుంటుంది. పాట పైన ఆమె పేరు, ఊరు, చేసే పని రాస్తుంది. ఇక అప్పట్నుంచి ఆ పాట ఎవరు పాడినా ముందు ఆ పేరు పిలవాలి. తెచ్చిన మనిషి అక్కడుంటే "ఉన్నానమ్మా" అంటుంది. బదిలీ మీద వెళ్లిపోయినా, కాలం చేసినా, మిగిలినవాళ్లందరూ ఒక్క గొంతుతో "మనలోనే ఉందమ్మా" అంటారు. ఆ తర్వాతే హార్మోనియం తిత్తి కదులుతుంది. యార్డులో గ్యాంగు మనుషులకి పొద్దున్నే హాజిరీ పిలుస్తారు కదా, దాన్ని చూసి ధనమ్మ పెట్టిన పద్ధతి. "పన్లోకి పోయినోల పేర్లు పిలుత్తారు. పాట తెచ్చినోల పేర్లు పిలవొద్దేటి?" అంటుంది.

గదిలో కుర్చీ ఒక్కటే. అది ఆ రోజు ఎవరు ఎక్కువసేపు నిలబడి పనిచేస్తే వాళ్లది. స్టేషను ఊడ్చే ఆమె కూర్చుంటే, ఇంజనీరు భార్య చాప మీద కూర్చున్న రోజులున్నాయి. ఇంజనీరు భార్యలు మళ్లీ వచ్చారా అంటే, వచ్చారు. పాట రుచి తెలిసినవాళ్లు వచ్చారు.

సుధారాణి తండ్రి ఆదిబాబు యార్డులో కాంట్రాక్టు మీద బస్తాలు మోసేవాడు. ఆమెకి తొమ్మిదేళ్లున్నప్పుడు కిటికీ ఊచలు పట్టుకుని బయట నిలబడి కూటం వినేది. ఒకరోజు ధనమ్మ చెయ్యి పట్టి లోపలికి తెచ్చి, హార్మోనియం ముందు కూర్చోబెట్టింది. రోజూ స్కూలునుంచి వచ్చాక గంటసేపు ఆ పెట్టె నీదే అంది. పన్నెండో ఏట స్కూల్లో పియానో నేర్పే టీచరు, ఈ పిల్లకి చెయ్యి ఉంది, ఇంట్లో సాధన చెయ్యాలి అని చెప్పింది. పియానో ఎక్కణ్ణుంచి వస్తుంది? గార్డుగారు పాత టైంటేబుల్ చార్టుల్ని వెనక్కి తిప్పి అతికించి, స్కేలు పెట్టి, స్కూలు పియానో కొలతలతో తెల్ల మీటలూ నల్ల మీటలూ గీసిపెట్టారు. మూడేళ్లు సుధారాణి ఆ కాగితం మీదే వేళ్లు ఆడించింది. చప్పుడు లేని పియానో. ధనమ్మ ఎదురుగా కూర్చుని, ఏమీ వినబడకపోయినా, "బావుందమ్మా, మళ్లీ వాయించు" అనేది. కలకత్తాలో పియానో పరీక్షకి తోడెళ్లింది కూడా ఆవిడే.

సుధారాణి చేతికి వచ్చిన ప్రతి మెతుకులో ఈ గది ఉంది. ఆ సంగతి ఆమె ఎన్నడూ మరిచిపోలేదు. మరిచిపోలేదు కాబట్టే, ఇదే గదికి తను చేసిన తప్పు కూడా ఇరవై ఐదేళ్లుగా అరికాలి ముల్లులా ఉండిపోయింది.

ఆ ఏడాది ఆమె స్కూల్లో కొత్తగా చేరింది. తెలుగు సంఘం వాళ్లు పాట పాడమని పిలిచారు. మొదటిసారి అంత పెద్ద వేదిక. సుధారాణి వరహాలమ్మ తెచ్చిన పాట ఎంచుకుంది. వరహాలమ్మ రైలుపట్టాల గ్యాంగులో పనిచేసేది. గునపం పట్టి పట్టాల కింద కంకర సర్దే చేతులు. కూటంలో అందరికంటే ముద్దుగా చూసుకున్న పాట ఆవిడదే:

మబ్బొచ్చి మా గట్టు మీద కూకుంది
సుట్టానికి పీటెయ్యే సిన్నమ్మా

ఆ రోజు వరహాలమ్మ హాల్లో ఉంది. తన పాట వేదిక ఎక్కుతోందని గ్యాంగంతటికీ చెప్పుకుని, సెలవు పెట్టి వచ్చింది. సుధారాణి మైకు ముందు నిలబడింది. ముందు వరసలో ఇంజనీర్లు, మేనేజర్లు, వాళ్ల పట్టుచీరల భార్యలు, రేపట్నుంచి తనకి పిల్లల్ని అప్పగించబోయే తల్లులు. 'వరహాలమ్మ, బాగ్‌బేరా, ట్రాక్ గ్యాంగు' అనాలి. నోటిదాకా వచ్చింది. అనలేదు. తిన్నగా పాట ఎత్తుకుంది. టైము తక్కువిచ్చారని తర్వాత అందరికీ చెప్పింది. అది అబద్ధం. పేరు పిలవడానికి రెండు క్షణాలు చాలు. సిగ్గుపడింది, అంతే. దానికి మరో పేరు లేదు.

పాటకి చప్పట్లు మోగిపోయాయి. వరహాలమ్మ ఆ తర్వాత కూటానికి రాలేదు.

ధనమ్మ ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. ఆ పాట వచ్చినప్పుడల్లా "వరహాలమ్మ" అని పిలిచేది, నాలుగు వీధుల అవతల ఉన్న మనిషికి అందరూ "మనలోనే ఉందమ్మా" అని బదులు పలికేవారు. ఆ పలకడంలో సుధారాణి గొంతు ఏనాడూ సరిగ్గా కలవలేదు.

"శనివారం ఆ పాట పాడతాను పెద్దమ్మా," అంది ఇప్పుడు, చిక్కుడుకాయల వైపు చూస్తూ. "పేరు పిలిచి పాడతాను. ఆవిడ ముందరే పిలవాలి."

ధనమ్మ చేతులు ఆగాయి. "అయితే నాకేటి సెప్తావు? ఆలింటికి పో."

*

వరహాలమ్మ గుమ్మంలో నులకమంచం మీద కూర్చుని మోకాళ్లకి ఆవనూనె మర్దనా చేసుకుంటోంది. వెనక యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకుంటున్న చప్పుడు. డెబ్భై దాటినా మనిషి భుజాలు వంగలేదు.

"సుధవా? రా తల్లీ, కూకో," అని లేచి, వద్దంటున్నా వినకుండా టీ పెట్టి తెచ్చింది.

ఆ టీ తాగడం సుధారాణికి కష్టమైంది. గ్లాసు కింద పెట్టేసింది.

"పిన్నీ, నేను తప్పు చేసేను. ఆ రోజు నీ పేరు పిలవలేదు."

వరహాలమ్మ నూనె చేతుల్ని పాతగుడ్డకి తుడుచుకుంది. "నువ్వు మర్సిపోనావనుకున్నాను."

"మర్సిపోలేదు. సిగ్గేసింది. అక్కడున్నోళ్లంతా పెద్దోళ్లు. గ్యాంగు అని చెప్పడానికి సిగ్గేసింది. మా నాన్న బస్తాలు మోసేవాడు పిన్నీ, నాకా సిగ్గు! ఆ తర్వాత నీ దగ్గరికి రావడానికి కూడా సిగ్గే. కోపం ఉంటే నాలుగు తిట్టు."

"కోపమేటి తల్లీ? కోపముంటే టీ ఇత్తానా?"

కోపం లేదనడం నిజమే అనిపించింది. అయినా ఆవిడ మొహంలో ఇంకేదో ఉంది. సుధారాణికి అందలేదు.

"శనివారం మళ్లీ పాడతన్నాను. ఈసారి పిలుస్తాను. నువ్వు రావాలి."

"ఎవుల గురించో సెప్తావట కదా. బెర్లిన్ అమ్మ. ధనమ్మప్ప ఫోన్లో సెప్పింది. పిట్టీకతో వాయిత్తాదట."

"అవును."

"మంచిదే. ఆవిడ పేరు పిలు. సచ్చిపోయినోల పేర్లు పిలిస్తే ఆలకి బావుంటాది." వరహాలమ్మ యార్డు వైపు చూసింది. "ఆ దినం నా పక్కన ఎవులు కూకున్నారో సూసేవా?"

"లేదు పిన్నీ."

"సూడవులే. స్టేజీ మీద దీపాలు కళ్లల్లో పడతాయి."

ఎవరు కూర్చున్నారని అడిగితే చెప్పలేదు. వస్తావా అని మళ్లీ అడిగితే మోకాళ్లు చూపించింది. "సూత్తాను. ఇవి రానిత్తే వత్తాను," అని గ్లాసు చేతికిచ్చి, చల్లారిన టీ అంతా తాగేదాకా వదల్లేదు.

*

శనివారం నాలుగింటికే హడావుడి మొదలైంది. కూటం ఆడవాళ్లు పదకొండుమంది రెండు ఆటోల్లో ఎక్కారు. ధనమ్మ ఒడిలో హార్మోనియం. ఎవరికిమ్మన్నా ఇవ్వలేదు. సుధారాణి కూతురు అనూహ్య కాలేజీ పిల్ల, స్కూటరు మీద ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి "మమ్మీ, జల్దీ! దేర్ హో రహీ హై!" అని హిందీలో తొందరపెడుతూ కేకలు. సుధారాణి సందు చివరిదాకా తల తిప్పి చూసింది. వరహాలమ్మ కనబడలేదు.

హాల్లో ముందు వరస కుర్చీలకి పేర్లు అతికించి ఉన్నాయి. అవన్నీ అతిథులవి. సుధారాణి గుమ్మంలోనే ఆగిపోయింది. శివశంకర్ గారు ఆమె వెనక నిలబడ్డ ఆడవాళ్లని చూశారు, హార్మోనియం మోసుకొస్తున్న ముసలావిడని చూశారు. తర్వాత తనే వంగి ఒక్కొక్క చీటీ పీకడం మొదలుపెట్టారు.

"ఇవి మీవే అమ్మా, కూర్చోండి," అన్నారు. సుధారాణి వైపు తిరిగి, కొంచెం మొహమాటంగా, "మా నాన్నగారు లోకో షెడ్డులో ఇంజన్లు కడిగే ఖలాసీ అండీ. ఇక్కడ చాలామందికి తెలీదు," అన్నారు.

ధనమ్మ తన పక్క కుర్చీలో చేతిసంచి పెట్టింది. ఎవరొచ్చి అడిగినా, "మనిసుంది" అని పంపించేసింది.

సుధారాణి మాట్లాడింది. కాగితం రాసుకొచ్చింది గానీ రెండో నిమిషానికే పక్కన పెట్టేసింది. ఆ రోజుల్లో బెర్లిన్‌లో యూదులు ఉండాలంటే రాజుగారి అనుమతి ఉండాలని చెప్పింది. చాలా పనులు, చాలా సంఘాలు వాళ్లకి మూసే ఉండేవని చెప్పింది. అలాంటి వాళ్ల ఆడపడుచులు కొందరు తమ ఇంటి తలుపులు తీసిపెట్టారు. బయట ఒకరి పక్కన ఒకరు కూర్చోవడానికి ఒప్పుకోని మనుషులు, ప్రభువులూ పండితులూ వ్యాపారులూ సంగీతగాళ్లూ, ఆ ఇళ్లలో కలిసి కూర్చుని విన్నారు. సారా అక్క ఫానీ వియన్నాలో అలాంటి ఇల్లే నడిపింది. సారా స్వయంగా విద్వాంసురాలు. బాఖ్ అనే మహావిద్వాంసుడి పెద్దకొడుకు దగ్గర నేర్చుకుంది. పెద్ద బాఖ్ సంగీతం పాతబడిపోయిందని లోకం పక్కన పెడుతుంటే, ఆవిడ ఆ రాతప్రతులు పోగుచేసింది, దాచింది, వాయించింది. ఇంట్లోనే కాదు, బయట సభల్లో నలుగురి ముందూ వాయించింది. తొంభై రెండేళ్లు బతికింది. తన సేకరణని పాడుకునే సంఘానికి ఇచ్చేసింది. యుద్ధకాలంలో అవి ఎక్కడికో పోయాయి. యాభై ఏళ్లు దాటాక కీవ్ నగరంలో మళ్లీ దొరికాయి.

"ఆవిడలాంటి వాళ్లు దాచకపోతే ఈరోజు నేను పిల్లలకి నేర్పేదాంట్లో ఎంత మిగిలేదో నాకు తెలీదు," అంది. "వాళ్లు కలిగినవాళ్లు, పెద్ద పెద్ద గదులు, దీపాలు. నాకు నేర్పిన ఇంట్లో కుర్చీ ఒక్కటే. కానీ రెండు ఇళ్లలోనూ ఒకే పని జరిగింది. తలుపు తీసి, రా, కూర్చో అన్నారు. నేనా తలుపులోంచి వచ్చాను. ఆ తలుపు తీసినావిడ అదిగో, ముందు వరసలో ఉంది. ధనమ్మ పెద్దమ్మ."

హాలు హాలంతా మెడలు చాపి చూసింది. ధనమ్మ చీర చెంగు సర్దుకుని, కాస్త చిరాగ్గా, "వాయించు, వాయించు" అని చేత్తో సైగ చేసింది.

సుధారాణి కీబోర్డు ముందు కూర్చుంది. హార్ప్సికార్డు స్వరం పెట్టుకుంది. వేళ్లు మీటల మీద ఆనాయి. ఏ పాటకైనా ముందు పేరు పిలిచే గదిలో పెరిగిన మనిషి. అనుకోకుండానే నోటివెంట వచ్చేసింది.

"సారా లేవీ. బెర్లిన్."

"మనలోనే ఉందమ్మా!"

పదకొండు గొంతులు, ఒక్కసారిగా. అలవాటు అలాంటిది. వెనక వరసల్లో ఎవరో పకాలున నవ్వారు, ఆ తర్వాత హాలంతా నవ్వులు, చప్పట్లు. ముందు వరసలో మాత్రం ఎవరూ నవ్వలేదు. వాళ్లకి ఇందులో నవ్వాల్సింది ఏమీ కనబడలేదు. పాటలు తెచ్చింది, ఇచ్చి పోయింది, పేరు పిలిచారు, పలికాం.

ఆ క్షణంలో సుధారాణికి కలిగిన సంతోషం ఇంతని చెప్పడం కష్టం. ఊళ్లో ఉండటానికే అనుమతి కావలసిన కుటుంబాల్లో పుట్టిన ఆడమనిషిని టాటానగర్ ఆడవాళ్లు చీటీ అడక్కుండా చాప మీద కూర్చోబెట్టేసుకున్నారు. కళ్లు మసకబారాయి. మీటలు కనబడలేదు. కాగితం మీద మూడేళ్లు సాధన చేసిన వేళ్లకి మీటలు కనబడాల్సిన పనీ లేదు. హాయిగా వాయించింది.

ఇక మిగిలింది రెండోది. హార్మోనియం వేదిక మీదికి వచ్చింది. సుధారాణి నేలమీద కూర్చుని గుడ్డ తీసింది. ధనమ్మ పక్క కుర్చీలో సంచి అలాగే ఉంది. అయినా పిలవాలి. పిలిచి తీరాలి.

"ఇరవై ఐదేళ్ల కిందట ఇదే వేదిక మీద ఈ పాట పాడాను," అంది. "పాట నాకిచ్చిన మనిషి పేరు చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఈరోజు చెబుతున్నాను." గొంతు పెంచింది. "వరహాలమ్మ. బాగ్‌బేరా. ట్రాక్ గ్యాంగు."

ముందు వరసలో నోళ్లు తెరుచుకున్నాయి. ధనమ్మ అరచెయ్యి పైకెత్తింది. అందరూ ఆగారు. సుధారాణి కళ్లు మూసుకుంది.

"ఉన్నాను."

వెనక, తలుపు దగ్గర. ఊతకర్ర పట్టుకుని వరహాలమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపట్నుంచి నిలబడిందో.

"ఉన్నాను గానీ, ఆగు. పాట ఎత్తుకోకు," అంది అక్కణ్ణుంచే. పట్టాల మీద దూరంగా ఉన్న మనుషుల్ని కేకేసిన గొంతు, మైకు అక్కర్లేదు. "ఆ పాట నాకు మా అత్త నేర్పింది. పైడమ్మ. ఆ దినం నా పక్కన కూకుంది. నువ్వు నా పేరు పిలిత్తే నాను లెగిసి, 'ఉన్నాను, ఇది మా అత్త పైడమ్మ పాట' అని సెప్పాలనుకున్నాను. సెప్తానని దానికి మాటిచ్చేను. కొత్త సీర కట్టి తీసుకొచ్చేను. బతికినన్నాళ్లు దాని పేరు ఓట్ల లిస్టోళ్లు తప్ప ఎవులూ పిలవనేదు. పాటైపోయింది. మా అత్త నా మొకం సూసింది. నాను ఏటీ సెప్పలేకపోనాను. ఆ సలికాలంలోనే పోయింది."

సుధారాణి లేచి నిలబడింది. ఇరవై ఐదేళ్లుగా మోసిన తప్పు ఎంతదో ఇప్పుడు తెలిసింది. తను మింగింది ఒక పేరు కాదు, రెండు. దీన్ని దిద్దడం తన వల్ల కాదని కూడా తెలిసింది. ఆ ముసలామె లేదు. కానీ ఈవిడ, నూనె రాసుకున్న ఈ మోకాళ్లతో, ఇంత దూరం వచ్చి, మళ్లీ ఒక అవకాశం చేతిలో పెడుతోంది. ఏం చేసి ఈ మనుషుల రుణం తీర్చుకుంటుంది?

"పిన్నీ," అంది. "ఇప్పుడు పిలవనా?"

"పిలు. గట్టిగా పిలు. మా అత్తకి సెవుడు."

ఎవరూ నవ్వలేదు. ధనమ్మ పక్క కుర్చీలోంచి సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ కుర్చీ వైపు వరహాలమ్మ ఒక్కొక్క అడుగే వేసుకుంటూ నడిచింది. ఆవిడ వచ్చి కూర్చునేదాకా సుధారాణి ఆగింది. ఆ తర్వాత మైకు పక్కకి తోసేసి, ఊపిరంతా కూడదీసుకుని పిలిచింది.

"పైడమ్మా!"

ఈసారి పలికింది పదకొండుమందే కాదు. శివశంకర్ గారు పలికారు, పట్టుచీరలు పలికాయి, తెలుగులో పిలిస్తే హిందీలో బదులిచ్చే అనూహ్య తెలుగులోనే పలికింది. హాలంతా, కప్పు అదిరేలా, "మనలోనే ఉందమ్మా" అంది.

వరహాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "ఇప్పుడు పాడు," అంది.